పశువుల సంతలో వేలం వేసేది దేన్ని? గేదె, గొర్రె అమ్ముకునే చిన్న రైతుకు ధర ఎలా వస్తుంది?

ఊళ్లో అమ్మానాన్నలు గేదెను అమ్మాలనుకుంటున్నారు. బేరగాడు ఇంటికే వచ్చి ఒక రేటు చెప్పి వెళ్లాడు. సంతకు తోలుకెళ్తే ఇంకో ఐదారు వేలు ఎక్కువ పలుకుతుందని పక్కింటాయన అంటున్నారు. 'ఏం చేయమంటావు?' అంటూ నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుక్కో, కూతురికో ఫోన్ వస్తుంది.

ఎకరం, రెండెకరాలు ఉన్న కుటుంబానికి పాడి గేదె, నాలుగు గొర్రెలు బ్యాంకులో దాచుకున్న సొమ్ము లాంటివి. కాలేజీ ఫీజుకో, ఆస్పత్రి ఖర్చుకో, పెట్టుబడికో అవసరం పడినప్పుడే వాటిని అమ్ముతారు. రైతు ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి సంతకు వెళ్తే, ఎదురుగా నిలబడే వ్యాపారి ప్రతి వారం అక్కడే ఉంటాడు. ధరలో తేడా చాలావరకు అక్కడే మొదలవుతుంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. తెలంగాణలో సుమారు 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలు ఉన్నాయి. వీటి క్రయవిక్రయాల్లో పెద్ద భాగం పెబ్బేరు, నారాయణవలస లాంటి సంతల్లో, హైదరాబాద్‌లోని జియాగూడ లాంటి మార్కెట్లలో, లేదంటే ఇంటి ముంగిటే జరుగుతుంది. ఇక్కడ ధర ఎలా తేలుతుంది? ఏ కాగితాలు కావాలి? మోసం జరిగితే ఏం చేయాలి?

సంతలో వేలం వేసేది దేన్ని?

'సంత వేలం' అన్న మాట వినగానే పశువులను వేలం వేస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి మన సంతల్లో బహిరంగంగా వేలం వేసేది పశువును కాదు. సంతలో రుసుము వసూలు చేసుకునే హక్కును. దీన్నే కోస్తాలో ఆశీలు అని, తెలంగాణలో తైబజార్ అని అంటారు.

గ్రామ పంచాయతీ లేదా పురపాలక సంఘం ఆధీనంలో ఉన్న సంతలకు సాధారణంగా ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ముందు ఈ వేలం జరుగుతుంది. ఎక్కువ మొత్తం పాడిన వ్యక్తికి ఏడాది పాటు వసూలు హక్కు దక్కుతుంది. ఆ కాంట్రాక్టర్ తాను కట్టిన సొమ్మును సంతకు వచ్చే ఒక్కో పశువు మీద, ఒక్కో బండి మీద రాబట్టుకుంటాడు. వేలం పాట ఎంత పెరిగితే, గేటు దగ్గర నిర్ణయించిన దానికంటే ఎక్కువ అడిగే ఒత్తిడీ అంత పెరుగుతుంది.

కొన్ని పశువుల మార్కెట్లు వ్యవసాయ మార్కెట్ కమిటీల కింద నడుస్తాయి. వీటికి ఆధారం 1966 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం. వ్యవసాయ ఉత్పత్తులతో పాటు పశుసంపద అన్న మాట కూడా ఆ చట్టం పేరులోనే ఉంది.

పశువులనే వేలం వేసే చోట్లు లేవా?

ఉన్నాయి, కానీ తక్కువ. ప్రభుత్వ పశు క్షేత్రాల్లో అదనంగా ఉన్న లేదా వయసు మీరిన పశువులను ప్రకటన ఇచ్చి బహిరంగ వేలంలో అమ్ముతుంటారు. ఎవరూ విడిపించుకుపోని బందెలదొడ్డి పశువులను కూడా 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కింద వేలం వేయవచ్చు.

ఇలాంటి వేలాలకు 1930 నాటి వస్తు విక్రయ చట్టం కొన్ని నియమాలు పెట్టింది. సుత్తి కొట్టి లేదా అక్కడి ఆనవాయితీ ప్రకారం పాట ముగిసినట్టు ప్రకటించాకే అమ్మకం పూర్తవుతుంది. అప్పటిదాకా పాడినవారు తమ పాటను వెనక్కి తీసుకోవచ్చు. ఇంతకు తగ్గితే అమ్మబోమని అమ్మేవారు కనీస ధర పెట్టుకోవచ్చు. ముందుగా చెప్పకుండా తమ మనిషితోనే పాట పాడించి ధర పెంచితే మాత్రం దాన్ని మోసంగా పరిగణించే హక్కు కొన్నవారికి ఉంటుంది.

బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో చిన్న రైతులు కూడా తమ పశువులను ఇలాంటి వేలం యార్డుల్లోనే అమ్ముతారు. అందరూ వినేలా పాట సాగుతుంది. ఏ రకం పశువు ఎంత పలికిందో తర్వాత ప్రకటిస్తారు. నిన్నటి ధర ఎంతో తెలుసుకుని రేపు ఎంత అడగాలో రైతు నిర్ణయించుకోగలుగుతాడు. మన సంతల్లో ఉన్న ప్రధాన లోటు ఇదే.

తువ్వాలు కింద బేరం ఎందుకు?

చాలా సంతల్లో పాత అలవాటు ఒకటి ఇంకా ఉంది. దళారి, కొనే వ్యక్తి చేతులు కలిపి వాటి మీద తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డ వాళ్లకు అంకె వినిపించదు, కనిపించదు.

బేరం గుట్టుగా ఉంటే ఒక్కో కొనుగోలుదారుతో ఒక్కో రేటు మాట్లాడుకునే వీలుంటుంది. కొన్నిసార్లు ఇది అమ్మేవారికీ పనికొస్తుంది. కానీ పక్కన ఉన్న అలాంటి గేదె ఎంతకు పోయిందో తెలియనప్పుడు, ధర తెలిసిన వాళ్లది పైచేయి అవుతుంది. కొనే వ్యక్తి ఒప్పుకున్న ధర ఒకటి, రైతుకు చెప్పే ధర మరొకటి అయ్యే అవకాశం కూడా ఉంటుంది.

దళారి వద్దనుకోవడం అన్ని చోట్లా కుదరకపోవచ్చు. అలాంటప్పుడు రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. ఒకటి, దళారికి ఇచ్చేది ఎంత, ఎవరు ఇస్తారు. రెండు, చివరి ధర కొనేవారి నోటి నుంచే, అమ్మే రైతు ఎదుటే చెప్పించాలి.

ఇంటి దగ్గర అమ్మడం మేలా, సంతకు తోలడం మేలా?

లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటికొచ్చిన బేరగాడు గేదెకు 70,000 రూపాయలు ఇస్తానన్నాడు. సంతకు ట్రాలీ ఆటో కిరాయి 2,500 రూపాయలు. రుసుము, దళారి కలిపి మరో 1,500 రూపాయలు అనుకుందాం.

ఇంటి దగ్గర నుంచి చూస్తే, సంతలో కనీసం 74,000 పలికితేనే 70,000 చేతికి వస్తుంది. అంతకు మించితేనే వెళ్లడం లాభం.

అదే గేదె సంతలోకి వచ్చాక లెక్క మారిపోతుంది. కిరాయి అప్పటికే ఖర్చయింది. అమ్ముడుపోకపోతే వెనక్కి తోలుకెళ్లడానికి మరో 2,500 కావాలి. అంటే ఇంటికెళ్లి 70,000కు అమ్మినా అప్పుడు మిగిలేది 67,500. కాబట్టి సంతలో ఎవరైనా 69,000 కంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చినా, వెనక్కి వెళ్లడం కంటే అమ్మేయడమే నయం అనిపిస్తుంది.

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు 74,000 దగ్గర ఉన్న గీత సంతలోకి రాగానే 69,000కు జారిపోతుంది. మధ్యాహ్నం దాటి, పశువు ఎండలో నిలబడి, ఆటో డ్రైవర్ తొందరపెడుతున్న కొద్దీ ఈ సంగతి వ్యాపారికి బాగా అర్థమవుతుంది. అందుకే చాలామంది ఉదయం పెద్దగా ఆసక్తి చూపకుండా తిరిగి, తర్వాత వచ్చి బేరం అడుగుతారు.

ఈ ఇబ్బందిని తగ్గించుకునే మార్గాలు ఉన్నాయి.

ఒకటి, అమ్మే వారానికి ముందు వారం పశువు లేకుండా సంతకు వెళ్లి రావడం. అలాంటి గేదెలు, గొర్రెలు ఎంత పలుకుతున్నాయో కొన్నవాళ్లను అడిగితే తెలుస్తుంది. బేరం ముగిశాక చాలామంది ధర చెప్పడానికి వెనకాడరు.

రెండు, ఇంటికొచ్చిన బేరగాడిని వద్దని పంపేయకుండా మూడు నాలుగు రోజులు గడువు అడగడం. వెనక్కి వెళ్తే కొనేవారు ఉన్నారన్న ధీమా సంతలో పనికొస్తుంది.

మూడు, ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒకే బండి మాట్లాడుకోవడం. కిరాయి తగ్గుతుంది. వెనక్కి తోలుకురావాలన్నా భారం తక్కువ.

మాంసం కోసం అమ్మే గొర్రె, మేకకు రేటు ఎలా అంచనా వేయాలి?

గొర్రెలు, పొట్టేళ్లకు మన దగ్గర ఎక్కువగా జత లెక్కన, కంటి అంచనాతో బేరం జరుగుతుంది. కంటితో బరువు చెప్పడంలో వ్యాపారికి ఉన్న అనుభవం రైతుకు ఉండదు. అందుకే తూకం ముఖ్యం. వీలైతే సంతకు ముందే ఊళ్లోని కాటా మీద తూకం వేయించాలి.

కాటా దొరక్కపోతే కొలత టేపు చాలు. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకోవాలి. భుజం ఎముక మొన నుంచి తోక పక్కన ఉండే పిరుదు ఎముక దాకా పొడవు కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 30 అంగుళాలు, పొడవు 22 అంగుళాలు ఉన్న పొట్టేలు బరువు 30 కిలోలు. ఇది అంచనా మాత్రమే. కిలో, రెండు కిలోలు అటూ ఇటూ కావచ్చు. గేదెలు, ఆవులకూ ఇదే లెక్క వాడతారు.

ఇక నగరంలో మటన్ కొనేవాళ్లకు తెలిసిన ధర నుంచి వెనక్కి లెక్క వేయవచ్చు. మన గొర్రెల్లో బతికున్న బరువులో సగానికి కాస్త తక్కువ మాంసం వస్తుంది. 30 కిలోల పొట్టేలులో సుమారు 14 కిలోలు అనుకుందాం. దుకాణంలో కిలో 800 రూపాయలు ఉంటే ఆ మాంసం విలువ 11,200 రూపాయలు. అంటే బతికున్న బరువు మీద కిలోకు దాదాపు 373 రూపాయలు. తలకాయ, కాళ్లు, బోటి, తోలుకు వచ్చేది అదనం.

ఇందులోంచి రవాణా, కబేళా ఖర్చు, దుకాణం అద్దె, వ్యాపారుల లాభం పోవాలి కాబట్టి రైతుకు ఈ మొత్తం రాదు. కానీ 30 కిలోల పొట్టేలును ఎవరైనా 5,000 రూపాయలకు అడిగితే, అది ఎంత తక్కువో ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తోనే తెలిసిపోతుంది.

పాడి గేదెకు ఏం చూస్తారు?

పాడి పశువుకు బరువు లెక్క పనిచేయదు. పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది, ఎన్నో ఈత, చూడి కట్టిందా లేదా, చన్నులు నాలుగూ బాగున్నాయా అన్నవే ధరను నిర్ణయిస్తాయి.

తెలివైన కొనుగోలుదారు వరుసగా రెండు మూడు పూటలు పాలు పిండి చూస్తారు. సంతలో అది కష్టం. ఒక పూట పిండకుండా ఆపి పొదుగు నిండుగా కనిపించేలా చేస్తారని కొనేవారికి ఎప్పుడూ అనుమానమే. ఆ అనుమానానికి తగ్గట్టు నిజాయితీగా అమ్మే రైతుకు కూడా ధర తగ్గించేస్తారు.

దీనికి మంచి సాక్ష్యం పాల కేంద్రం రశీదులు. రోజూ పాలు పోసే చోట పరిమాణం, వెన్న శాతం రాసి ఇస్తారు. గత రెండు నెలల చీటీలు, లేదంటే పాస్‌పుస్తకం ఫొటో చూపిస్తే మాటకు బలం వస్తుంది. ఇంట్లో రెండు మూడు పాడి పశువులు ఉంటే మాత్రం అమ్మబోయే గేదె పాలను వారం రోజులు విడిగా కొలిచి రాసుకోవాలి.

చూడి గేదె అయితే పశువైద్యుడితో పరీక్ష చేయించి ఎన్నో నెలో రాయించుకోవడం మేలు. గేదె చూడి కాలం దాదాపు 310 రోజులు, ఆవుది 280 రోజులు. ఎదకు వచ్చి కృత్రిమ గర్భధారణ చేయించిన తేదీ చీటీ ఉంటే ఇంకా మంచిది. ఈనే రోజులు దగ్గరపడిన పశువును బండిలో ఎక్కించకూడదు.

పాలు చేపడానికి ఇంజెక్షన్లు వేయడం మాత్రం వద్దు. పాల దిగుబడి కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే పదార్థాలను ఎక్కించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

వయసు పళ్లతో తెలుస్తుందా?

తెలుస్తుంది. బండలాగుడు పోటీల్లో 'రెండు పళ్ల విభాగం', 'నాలుగు పళ్ల విభాగం' అని వినే ఉంటారు. అదే లెక్క. ముందు వైపు పాల పళ్లు ఊడి ఒక్కో జత శాశ్వత పళ్లు వస్తాయి. ఆవు జాతిలో సుమారు రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి జత వస్తుంది. నాలుగున్నర, ఐదేళ్లకు ఎనిమిది పళ్లూ పూర్తవుతాయి. గేదెల్లో ఇంకాస్త ఆలస్యం. గొర్రెలు, మేకల్లో ఏడాది దాటాక మొదటి జత, దాదాపు నాలుగేళ్లకు నాలుగు జతలూ వస్తాయి. అమ్మే ముందు మనమే ఒకసారి నోరు తెరిచి చూసుకుంటే, ముసలిదని చెప్పి ధర తగ్గించే మాటకు జవాబు ఉంటుంది.

ఎప్పుడు అమ్మితే మేలు?

మేకపోతులు, పొట్టేళ్లకు బక్రీద్ ముందు గిరాకీ ఎక్కువ. తెలంగాణలో దసరా, ఆంధ్రాలో సంక్రాంతి, కనుమ రోజుల్లోనూ మాంసానికి గిరాకీ ఉంటుంది. ఏ పండగకైనా చివరి రోజు దాకా ఆగితే సరుకు ఒక్కసారిగా వచ్చి పడి ధర తగ్గవచ్చు.

గడ్డి దొరకని వేసవిలో, కరువు ఏళ్లలో అందరూ ఒకేసారి అమ్మకానికి వస్తారు. అప్పుడు ధరలు పడిపోతాయి. అమ్మక తప్పదని తెలిసినప్పుడు మేత నిండుకునే దాకా ఆగకుండా, పశువు ఒంటి మీద కండ ఉన్నప్పుడే అమ్మడం మంచిది.

ఏ కాగితాలు దగ్గర ఉండాలి?

మొదటిది చెవి పోగు. పసుపు రంగు బిళ్ల మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. దీన్నే పశు ఆధార్ అంటున్నారు. టీకాలు, గర్భధారణ వివరాలు ఈ సంఖ్య మీదే ప్రభుత్వ డేటాబేస్‌లో నమోదవుతాయి. పశువు చేతులు మారినప్పుడు యజమాని పేరు మార్పించాలి. లేకపోతే ఆ పశువు రోడ్డు మీద దొరికినా, కేసులో చిక్కుకున్నా రికార్డుల్లో పాత యజమాని పేరే కనిపిస్తుంది.

రెండోది టీకా. గాలికుంటు వ్యాధి నివారణకు 2019 సెప్టెంబరులో కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దీని కింద పశువులకు ఉచితంగా టీకాలు వేస్తారు. టీకా వేయించిన వెంటనే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. సంతకు తీసుకెళ్లే ముందు రోజు వేయిస్తే ఉపయోగం ఉండదు.

మూడోది ఆరోగ్య ధ్రువపత్రం. 1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారం పశువు ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని, అంటువ్యాధులు లేవని పశువైద్యుడు ఇచ్చిన పత్రం వెంట ఉండాలి. దగ్గర్లోని పశువైద్యశాలలో దీన్ని తీసుకోవచ్చు.

నాలుగోది అమ్మకం చీటీ. ఇది చాలామంది పట్టించుకోనిది. తెల్ల కాగితం మీదైనా సరే ఇద్దరి పేర్లు, ఊర్లు, చెవి పోగు సంఖ్య, పశువు రంగు, గుర్తులు, ధర, తేదీ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి.

బండిలో ఎన్ని పశువులు ఎక్కించవచ్చు?

1978 నిబంధనల ప్రకారం సాధారణ సరుకు లారీలో ఆరుకు మించి ఆవులు, గేదెలు, ఎద్దులను తీసుకెళ్లకూడదు. 2016 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహన నిబంధన ఒకటి, బండిలో ఒక్కో ఆవు లేదా గేదెకు 2 చదరపు మీటర్లు, ఒక్కో గొర్రె లేదా మేకకు 0.3 చదరపు మీటరు చోటు ఉండాలని చెబుతోంది.

చిన్న ట్రాలీ ఆటోలో నాలుగు గేదెలను కుక్కి తీసుకెళ్తే అది జంతు హింస కేసు అవుతుంది. అప్పుడు పశువులను స్వాధీనం చేసుకుని గోశాలకో, సంరక్షణ కేంద్రానికో పంపవచ్చు. కేసు తేలే దాకా వాటి పోషణ ఖర్చు యజమాని మీద పడవచ్చు. ఒకటి రెండు పశువులున్న రైతుకు ఇది తట్టుకోలేని దెబ్బ.

నడిపించి తీసుకెళ్లేవారికి కూడా నియమం ఉంది. 2001 నాటి నిబంధనల ప్రకారం దూర ప్రయాణాల్లో సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత పశువులను నడిపించకూడదు.

సంతలో పశువులను అమ్మడంపై నిషేధం ఉందా?

లేదు. ఈ అనుమానం 2017 నుంచి ఉంది. ఆ ఏడాది మే 23న కేంద్రం పశువుల మార్కెట్ల నియంత్రణకు కొత్త నిబంధనలు తెచ్చింది. వధ కోసం సంతల్లో పశువులను అమ్మకూడదన్నది వాటిలో ఒకటి. మే 30న మద్రాస్ హైకోర్టు మదురై ధర్మాసనం వాటిపై స్టే ఇచ్చింది. జులై 11న సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది.

అయితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉమ్మడి రాష్ట్రంలో చేసిన 1977 నాటి గోవధ నిషేధం, పశు పరిరక్షణ చట్టం ఉంది. దాని ప్రకారం ఆవులను, ఆవు దూడలను, గేదె దూడలను వధించడం నేరం. ఎద్దులు, గేదెల విషయంలో అవి పాడికి, సేద్యానికి, సంతానోత్పత్తికి పనికిరావని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. గొర్రెలు, మేకలు ఈ చట్టం కిందకు రావు.

అంటువ్యాధులు ప్రబలితే 2009 నాటి కేంద్ర చట్టం కింద కొంతకాలం సంతలను మూసేసే అధికారం ప్రభుత్వాలకు ఉంది. 2022లో లంపీ స్కిన్ వ్యాధి వ్యాపించినప్పుడు పలు రాష్ట్రాల్లో సంతలు ఇలాగే మూతపడ్డాయి. బయల్దేరే ముందు సంత ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

రుసుము ఎవరు కట్టాలి? జీఎస్టీ ఉందా?

మార్కెట్ కమిటీ వసూలు చేసే ఫీజును 1966 చట్టం ప్రకారం కొనేవారు కట్టాలి. పంచాయతీ సంతల్లో ఏ పశువుకు ఎంత అన్నది వేలం షరతుల్లోనే ఉంటుంది. ఆ రేట్ల బోర్డు ఎక్కడుందో అడగండి. కట్టిన సొమ్ముకు రశీదు తీసుకోండి. ఎక్కువ అడిగితే పంచాయతీ కార్యదర్శికి, మార్కెట్ కమిటీ సంత అయితే మార్కెట్ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. రశీదు లేని ఫిర్యాదు నిలబడటం కష్టం.

బతికున్న ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలపై జీఎస్టీ లేదు.

డబ్బు ఎలా తీసుకోవాలి?

సంచకారం ఎంత ఇచ్చారో, మిగతాది ఎప్పటికి ఇస్తారో చీటీలో రాయాలి. పూర్తి డబ్బు చేతికి రాకుండా పలుపుతాడు అప్పగించవద్దు. పశువు కొనేవారి సొంతమయ్యాక దానికి ఏమైనా జరిగితే నష్టం మామూలుగా వారిదే. డబ్బు మాత్రం బాకీగానే ఉంటుంది.

యూపీఐలో వ్యక్తుల మధ్య సాధారణంగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంది. గేదె ధర అంతకు మించితే మిగతాది ఎలా ఇస్తారో ముందే మాట్లాడుకోవాలి. కొనేవారి ఫోన్‌లో కనిపించే 'పేమెంట్ సక్సెస్' స్క్రీన్‌ను నమ్మవద్దు. రైతు ఖాతాలో జమ అయిందో లేదో చూడాలి. ఖాతా కొడుకు లేదా కూతురి ఫోన్‌కు అనుసంధానమై ఉంటే, ఆ సమయానికి వాళ్లు ఫోన్ దగ్గర ఉండటమే పెద్ద సాయం.

ఒంగోలు ఎద్దుల జత లాంటి ఖరీదైన బేరాల్లో మరో విషయం గుర్తుంచుకోవాలి. ఒక వ్యక్తి నుంచి ఒకే రోజు లేదా ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయ పన్ను చట్టం అనుమతించదు. అలాంటప్పుడు బ్యాంకు ద్వారా తీసుకోవాలి.

లోపం చెప్పకుండా అమ్మితే మోసమేనా?

దీనికి 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో ఆసక్తికరమైన ఉదాహరణలు ఉన్నాయి. ఒకరు వేలంలో గుర్రాన్ని అమ్ముతారు. దానికి జబ్బు ఉందని అమ్మేవారికి తెలుసు, కానీ ఏమీ మాట్లాడలేదు. కేవలం మౌనంగా ఉండటం మోసం కాదని చట్టం అంటుంది. కానీ కొనే వ్యక్తి 'నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను' అన్నప్పుడు కూడా అమ్మేవారు మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం.

దీని నుంచి కొనేవారు నేర్చుకోవాల్సింది ఒకటే. అడగాల్సింది నోరు తెరిచి, సాక్షుల ముందు అడగాలి. 'తంతుందా? పొదుగు వాపు వచ్చిందా? ఈడ్చుకుపోయిందా?' అని ఒక్కొక్కటీ అడగాలి. అమ్మేవారు తెలిసి అబద్ధం చెబితే ఒప్పందాన్ని రద్దు చేయమని కోరే హక్కు కొనేవారికి వస్తుంది.

అమ్మే రైతుకు కూడా ఇందులో రక్షణ ఉంది. లోపం ఉంటే చెప్పి, దాన్ని చీటీలో రాయించి, అందుకు తగ్గ ధరకే అమ్మితే పది రోజుల తర్వాత పశువును తెచ్చి వాకిట్లో కట్టేసి డబ్బు వెనక్కి అడిగే పంచాయితీ ఉండదు.

అప్పు, బీమా ఉన్న పశువు అయితే?

బ్యాంకు రుణంతో కొన్న పశువు అయితే అప్పు తీరే దాకా బ్యాంకుకు చెప్పకుండా అమ్మకూడదు. సబ్సిడీ పథకం కింద వచ్చిన పశువులకు అదనపు షరతులు ఉండవచ్చు. పశువైద్యశాలలో ముందే అడగాలి. బీమా గడువు మిగిలి ఉంటే కొన్నవారి పేరు మీదకు మార్పించవచ్చు. బేరంలో దీన్ని కూడా చెప్పుకోవచ్చు.

అమ్ముడుపోకుండా తిరిగొస్తే?

సంతలో పది ఊళ్ల పశువులు కలుస్తాయి. తిరిగొచ్చిన పశువును నేరుగా దొడ్లోకి తోలకుండా మూడు వారాల పాటు మిగతా వాటికి దూరంగా కట్టేయాలి. నీళ్ల తొట్టి, మేత కూడా వేరుగా ఉండాలి. కొత్తగా కొనుక్కొచ్చిన పశువుకూ ఇదే జాగ్రత్త. జ్వరం, నోటి నుంచి చొంగ, గిట్టల మధ్య పుండ్లు, చర్మం మీద గడ్డలు కనిపిస్తే వెంటనే 1962కు ఫోన్ చేయాలి. ఇది సంచార పశువైద్య సేవల టోల్ ఫ్రీ నంబరు.

ఊరి నుంచి ఫోన్ వస్తే ఏమేం అడగాలి?

- ఇంటికొచ్చిన బేరగాడు ఎంత అన్నాడు? గడువు అడిగారా?
- సంతకు రానూపోనూ కిరాయి, రుసుము, దళారి కలిపి ఎంత?
- బరువు తూకం వేశారా? పాడి గేదె అయితే పాల చీటీలు ఉన్నాయా?
- చెవి పోగు, టీకా, ఆరోగ్య ధ్రువపత్రం సరిగా ఉన్నాయా?
- ఎంతకు తగ్గితే అమ్మకూడదని అనుకున్నారు? ఆ అంకెను ఇంటి దగ్గరే నిర్ణయించి కాగితం మీద రాసుకున్నారా?
- డబ్బు ఏ ఖాతాలో పడాలి? జమ అయిందని ఎవరు చూస్తారు?
- అమ్మకం చీటీ ఫొటో తీశారా? చెవి పోగు మీద పేరు మార్చమని పశువైద్యశాలలో చెప్పారా?

చివరి ప్రశ్నను మాత్రం డబ్బు వచ్చాక కూడా మరచిపోవద్దు. పశువు దొడ్డి దాటిపోయినా, పేరు మారే దాకా రికార్డుల్లో దాని యజమాని మీ నాన్నే.